వంటగట్టు మీద అతుకు

“వంటింట్ల ఎంతమంది నిలబడి పని చేస్తరు మేడమ్?” అని అడిగాడు మేస్త్రీ, టేపు చుట్టుకుంటూ.

“ఇద్దరం,” అన్నాను.

అనేశాక గాని నేనేమన్నానో నాకు తెలియలేదు. అప్పటికి అక్క ఈ ఇంట్లోంచి వెళ్లిపోయి ఏడాది దాటింది. మాట వెనక్కి తీసుకుందామనుకున్నాను. కానీ అతను అప్పటికే గోడ మీద పెన్సిలుతో కొలతలు రాసుకుంటున్నాడు.

అక్క అంటే నా తోబుట్టువు కాదు. సినిమాల్లో హెయిర్ డ్రెస్సర్‌గా పనిచేసేది. నేను డబ్బింగ్ చెబుతాను, ఇప్పుడు ఎక్కువగా సీరియళ్లకి. ఈ ఊరొచ్చిన కొత్తలో కృష్ణానగర్‌లో ఒక లేడీస్ హాస్టల్లో మావి పక్క పక్క మంచాలు. నాకంటే కాస్త పెద్దది కాబట్టి మొదటి రోజే “అక్కా” అన్నాను, ఆ పిలుపే ఉండిపోయింది. తనది జగిత్యాల వైపు, నాది గుంటూరు వైపు. హాస్టల్ చారు తాగలేక ఇద్దరం కలిసి యూసుఫ్‌గూడలో ఒక గది తీసుకున్నాం. అక్కడ కొన్నేళ్లున్నాక ఫిల్మ్‌నగర్ వాలులో ఈ ఫ్లాటు కిరాయికి దొరికింది. మూడో అంతస్తు, రెండు పడగ్గదులు, సన్నగా పొడుగ్గా ఒక వంటిల్లు. ఇద్దరికీ పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదని ఒకరినొకరం ఎప్పుడూ అడగలేదు.

ఆ వంటింట్లో ఒక గోడ పొడవునా గట్టు ఉండేది. కడప బండలు, ముక్కలు ముక్కలుగా వేసినవి. అతుకుల్లో సిమెంటు ఎప్పుడో రాలిపోయింది. పసుపు, పిండి, నూనె అన్నీ ఆ సందుల్లోకే చేరేవి. షూటింగు లేని రోజున అక్క పాత టూత్‌బ్రష్ పట్టుకుని వాటిని రుద్దుతూ కూర్చునేది.

“ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒక్కటే బండ ఉంటే ఎంత మంచిగుండునే,” అనేది.

ఓనరుని అడిగితే, ఇష్టం లేకపోతే ఖాళీ చెయ్యమనేవాడు. అందుకని ఆ కోరిక వంటింటి గుమ్మం దాటి బయటికి వచ్చేది కాదు.

గట్టు ముందు ఎవరి చోటు వాళ్లకుండేది. కిటికీ వైపు సింకు. సింకు పక్కన నేను, కూరగాయలు కోసే పీట ముందేసుకుని. ఆ తర్వాత స్టవ్, దాని ముందు అక్క. స్టవ్‌కి అటువైపు, తలుపు దగ్గర, గజం మేర ఖాళీ బండ. అది అక్క జొన్నరొట్టెలు తట్టే చోటు. అక్కడ ఇంకేమీ పెట్టనిచ్చేది కాదు. నేను ఉల్లిపాయలు కోస్తూ ఆ రోజు స్టూడియోలో చెప్పాల్సిన డైలాగులు వల్లించుకునేదాన్ని. నావన్నీ అత్తగారి పాత్రలే. నేను అత్తగారిగా గద్దిస్తే, అక్క పిండి తడుతూ కోడలి జవాబు తన యాసలో అందుకునేది. అసలు స్క్రిప్టులో ఆ కోడలు ఏడవాలి. అక్క నోట్లో మాత్రం ఆ కోడలు ఒక్కనాడూ ఏడవలేదు.

పెళ్లి సంగతి కూడా అక్కడే చెప్పింది. తమ్ముడు తెచ్చిన సంబంధం. ఆయన భార్య పోయి చాలా కాలమైంది, కరెంటు డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరయ్యాడు. సొంతిల్లు, వెనక కాస్త కూరగాయల మడి. అక్కకి యాభై దాటాయి. ఇలాంటివి అంతకు ముందు వచ్చినప్పుడు ఫోనులోనే వద్దనేసేది. ఈసారి తిరగమోత వేస్తూ, నా వైపు చూడకుండా అంది:

“ఈసారి నాకు ఒద్దనిపిస్తలేదే.”

“అయితే చేసుకో అక్కా,” అన్నాను.

మనస్ఫూర్తిగానే అన్నాను. ఆవిడ ముఖంలో అలాంటి నెమ్మది అంతకు ముందు చూడలేదు. పెళ్లి వాళ్ల ఊళ్లో గుళ్లో జరిగింది. ఎంతోమంది హీరోయిన్ల తలలు దువ్విన మనిషికి ఆ రోజు జడ వేసింది నేను. వంకరగా వచ్చింది. విప్పి మళ్లీ వేస్తానంటే, “ఉండనీ, మంచిగనే ఉన్నది,” అంది. ఆ సాయంత్రమే బస్సెక్కి తిరిగి వచ్చేశాను.

మొదటి కొన్ని నెలలు నాకు పెద్దగా తెలియలేదు. పని ఉండేది. తెలిసిందల్లా చిన్న చిన్న వాటి దగ్గర. బెండకాయలు ఎంత కొనాలో తెలిసేది కాదు. బండివాడు ఎప్పుడూ ఇచ్చేటన్ని ఇచ్చేవాడు, సగం ముదిరిపోయేవి. అన్నం ఒక్క గిన్నెడు వండితే అడుగంటేది, ఎక్కువ వండితే మర్నాటికి మిగిలేది. రోజంతా స్టూడియోలో అరిచి, ఏడ్చి, శాపాలు పెట్టి ఇంటికొచ్చాక నోరు విప్పే పని ఉండేది కాదు. ఒక్కోసారి మర్నాడు పొద్దున మైకు ముందు నిలబడి మొదటి మాట చెబుతుంటే గొంతు పెగిలేది కాదు. సౌండ్ ఇంజనీరు నీళ్లు తాగమనేవాడు. నీళ్లతో పోయేది కాదది.

ఆ ఏడే ఓనరు ఫ్లాటు అమ్ముతానంటే నేనే తీసుకున్నాను. ఇల్లు నాదైన కొన్నాళ్లకి సింకు దగ్గర కడప బండ నిలువునా పగిలింది. నీళ్లు కిందికి దిగి కప్‌బోర్డు చెక్కలు ఉబ్బిపోయాయి. ఇక మార్చక తప్పలేదు. కింద ఫ్లాటు వాళ్లు చెబితే ఈ మేస్త్రీ వచ్చాడు.

కొలతలన్నీ అయ్యాక అతను నన్ను తేరిపార చూశాడు.

“మీ గొంతు ఎక్కడనో ఇన్నట్టున్నది మేడమ్.”

“టీవీలో విని ఉంటారు. డబ్బింగ్ చెబుతాను.”

సీరియల్ పేరు చెప్పగానే అతనికి నవ్వాగలేదు. “మా అమ్మ రోజు రాత్రి అన్నం తినుకుంట మిమ్మల్నే తిడతది,” అన్నాడు. అప్పుడే వాళ్లమ్మకి ఫోన్ చేసి, నా చేత ఒక మాట అనిపించాడు. అవతల ముసలావిడ ఆ మాట మళ్లీ చెప్పించుకుని వింది. తర్వాత, “కోడలిని గట్ల సతాయించకు బిడ్డా,” అంది చాలా మర్యాదగా. చాలా రోజుల తర్వాత ఆ వంటింట్లో నేను నవ్వాను.

మర్నాడు మోతీనగర్ దాటి బోరబండ వైపు ఒక గ్రానైట్ షాపుకి తీసుకెళ్లాడు. షెడ్డు కింద రాతి పలకలు తలుపుల్లా వరసగా నిలబెట్టి ఉన్నాయి. రంపం మోతకి ఒకరి మాట ఒకరికి వినిపించడం లేదు. నల్లదే కావాలన్నాను. సన్నటి బూడిదరంగు చుక్కలున్న పలక ఒకటి బయటికి లాగించి, నీళ్లు చల్లి చూపించాడు. తడిస్తే రాత్రి ఆకాశంలా ఉంది. అదే ఖాయం చేశాను. అప్పుడు అసలు సంగతి చెప్పాడు.

“ఇది మీ గోడకు సరిపోదు మేడమ్. గజం తక్కువైతది.”

“ఇంకా పొడుగుది దొరకదా?”

“దొరికినా మీ మెట్ల మలుపు కాడ తిరగదు. లిఫ్టుల అసలే పట్టదు. ఒక్క అతుకు తప్పది. ఏడ పెట్టాల్నో మీరు చెప్పాలె.”

సుద్దముక్క తీసి షెడ్డు నేల మీద నా వంటగట్టు గీశాడు. సింకు చోట ఒక చదరం, స్టవ్ చోట ఇంకోటి. సింకు మధ్యలోంచి అతుకు పెట్టొచ్చు, ఎలాగూ అక్కడ రాయి కోసేస్తారు కాబట్టి ముందూ వెనకా వేలెడంత గీత తప్ప ఏమీ కనిపించదు. కానీ నీళ్లు పడే చోటు, ఎప్పటికైనా దిగుతాయి. స్టవ్ కింద పెడితే అసలే కనిపించదు, కానీ వేడికి అతికించిన గమ్ము ఎన్నాళ్లుంటుందో తను చెప్పలేనన్నాడు. స్టవ్‌కి అటు, తలుపు వైపు పెడితే ఆ కొస ముక్క వేరుగా తెలుస్తుంది. లేదంటే సింకుకీ స్టవ్‌కీ మధ్య. అది గట్టి చోటు, పొడి చోటు. కాకపోతే కళ్లెదురుగా ఉంటుంది.

“ఇద్దరున్నరు గద, ఇంకొకలను కూడ అడిగి చెప్పున్రి,” అన్నాడు. “తర్వాత ఇంట్ల లొల్లి కావొద్దు.”

అప్పుడు చెప్పాను, ఇద్దరం కాదని, ఒక్కదాన్నేనని. ఎందుకు అలా అన్నానో చెప్పలేదు, అతను అడగనూ లేదు. కొంచెం ఆలోచించి, సుద్దతో గీసిన బొమ్మలో తలుపు వైపు కొసని చేత్తో చెరిపేశాడు.

“ఒక్కరే అయితే అతుకే అక్కర్లేదు గదా. గట్టు ఈడికి ఆపేద్దాం. ఒక్కటే బండ వస్తది. మిగిలిన జాగల ఫ్రిజ్ పెట్టుకోవచ్చు. గింత పొడుగు మీకెందుకు?”

మంచి సలహానే. ఫ్రిజ్ హాల్లో ఉండి అడ్డంగానే ఉంటోంది. ఇన్నేళ్లు మేం కోరుకున్న ఒక్కటే బండ, అతుకు లేని బండ, వచ్చేస్తుంది. నేను ఆ సుద్ద గీతల ముందు నిలబడి, చెరిపేసిన కొస వంకే చూశాను. రొట్టెలు తట్టే చోటది.

“రేపు చెబుతాను,” అన్నాను.

ఇంటికొచ్చి అక్కకి ఫోన్ చేశాను. రెండోసారికి ఎత్తింది. వెనక మోటారు చప్పుడు, మడికి నీళ్లు పెడుతున్నట్టుంది.

“గ్రానైట్ ఏయిస్తున్నవా? మంచి పని చేసినవ్. ఏ రంగు?”

“నలుపు. అతుకు ఎక్కడ పెట్టమంటావని అడుగుతున్నాడు అక్కా.”

“నన్నెందుకు అడుగుతున్నవే? వండుకునేది నువ్వాయె.”

అవతల మోటారు ఆగింది. అక్క గొంతు దగ్గరగా వచ్చింది.

“నువ్వు కూరగాయలు కోసే కాడ మాత్రం పెట్టియ్యకు. కత్తి తగుల్తది. సందుల పసుపు ఇరుకుతది. నీకు తోమే ఓపిక లేదు, నాకెరుక.”

“సరే.”

“ఇంకెక్కడన్న పెట్టుకో. స్టవ్ అవతల పెట్టు, ఆ జాగ నీకు పనికిరాదు.”

ఇంతలో ఆయన లోపలి నుంచి పిలిచాడు. వస్తున్నానని అటు కేకేసి, “రాత్రికి చేస్తనే,” అని పెట్టేసింది. రాత్రికి చెయ్యలేదు. మరిచిపోయి ఉంటుంది. ఇంటి నిండా పనులున్న మనిషికి ఇలాంటివి గుర్తుండవు.

ఆ సాయంత్రం కూర చేసుకుంటూ గమనించాను. స్టవ్ ముందు నేను నిలబడటం లేదు. సింకు పక్కన నా పాత చోట్లోనే నిలబడి, పక్కకి చెయ్యి చాపి గరిటె తిప్పుతున్నాను. ఆవిరి మోచేతికి తగులుతోంది. అలా ఎన్ని నెలలుగా చేస్తున్నానో. ఒక అడుగు పక్కకి జరిగి స్టవ్ ఎదురుగా నిలబడ్డాను. కూర అయ్యేదాకా అలాగే ఉన్నాను. అదేమీ కష్టం కాదు. కానీ బాగాలేదు.

మర్నాడు మేస్త్రీకి ఫోన్ చేసి, గట్టు గోడ నుంచి గోడ దాకా పూర్తిగా ఉండాలన్నాను. అతుకు సింకుకీ స్టవ్‌కీ మధ్య పెట్టమన్నాను.

“అంటే మీరు కూరగాయలు కోసే కాడ?” అన్నాడు. ఆ రోజు కొలతలప్పుడు పీట అక్కడ చూశాడు మరి. “ముందెనక ఆలోచించే చెప్తున్నరా మేడమ్?”

“ఆలోచించే చెబుతున్నాను.”

ఎందుకని అతను అడగలేదు. ఎక్కడో ఒక చోట అతుకు తప్పనప్పుడు అది నా వైపు ఉండనీ అనుకున్నాను, అంతే. తలుపు వైపు బండ మీద గీత ఉండటం నాకు ఇష్టం లేకపోయింది.

రేపు వస్తానన్న మనిషి పది రోజులకి వచ్చాడు. అన్నాళ్లూ హాల్లో స్టూలు మీద స్టవ్ పెట్టుకుని టీ కాచుకున్నాను, భోజనం స్టూడియో క్యాంటీన్లో. చివరికి ఒక పొద్దున వ్యాన్లో రెండు పలకలు వచ్చాయి. నలుగురు మనుషులు గోనె పట్టాలు చుట్టి, మలుపు మలుపు దగ్గర దించుకుంటూ, ఒకరినొకరు హెచ్చరించుకుంటూ మూడంతస్తులు మోశారు. మలుపు దగ్గర పెద్ద పలక గోడకి తగిలి సున్నం పెచ్చు ఊడింది. రాయికేమీ కాలేదు.

పాత బండలు పలుగుతో లేపుతుంటే నేను వంటింట్లో ఉండలేకపోయాను. బాల్కనీలోకి వెళ్లి నిలబడ్డాను. ఎదురుగా కొండరాళ్ల మీద కొత్తగా లేస్తున్న బంగళా, దాని పక్కన ఆగిన షూటింగ్ వ్యాన్లు. జూనియర్ ఆర్టిస్టులు ఎవరో పెళ్లి బట్టల్లో, చెట్టు నీడన పేపర్ ప్లేట్లలో ఇడ్లీలు తింటున్నారు. ఇది అక్కకి చెప్పాలనిపించింది. ఫోన్ తీసి, మళ్లీ లోపల పెట్టేశాను. ఫోన్లో చెబితే ఏముంటుంది అందులో.

సాయంత్రానికి గట్టు నిలబడింది. మెరుస్తోంది. కానీ అతుకులో మేస్త్రీ నింపిన గమ్ము తెల్లటి బూడిదరంగులో కనిపిస్తోంది. నల్లరాతి మీద సుద్దగీత గీసినట్టే ఉంది.

“ఆరినంక కలిసిపోతది మేడమ్,” అన్నాడు.

“కలవదు. అది బూడిదరంగు.”

“ఎవ్వలు చూస్తరు మేడమ్, పీట కిందికే పోతది.”

“నేను చూస్తాను.”

సీరియల్లో అత్తగారి గొంతు వచ్చేసింది నాకు తెలియకుండానే. అతను నవ్వబోయి మానుకున్నాడు. మర్నాడొచ్చి అంతా గీకి, నల్లరంగు కలిపి మళ్లీ నింపాడు. అప్పుడు బాగా కుదిరింది. వేలితో తడిమితే గాని తెలియనట్టు.

అక్క వచ్చింది, వానాకాలం మొదట్లో. ఆయనకి కంటి పరీక్ష ఉంది ఇక్కడ. కారు మాట్లాడుకుని ఇద్దరూ వచ్చారు. ఆసుపత్రికి వెళ్లే ముందు ఓ పూట మా ఇంట్లో ఆగారు. అక్క కాస్త ఒళ్లు చేసింది, రంగు కూడా వచ్చింది. సోఫాలో ఆయన పక్కన కూర్చుంది, నేను నీళ్లిస్తే గ్లాసు రెండు చేతులతో అందుకుంది, చుట్టపుచూపుగా వచ్చినట్టు. ఆయన మంచి మనిషి. ఇంట్లో గాలి బాగా వస్తుందని, ఈ కొండ మీద కరెంటు ఎక్కువ పోదు కదా అని, మర్యాదగా అవీ ఇవీ అడిగాడు.

నేను టీ పెడుతుంటే అక్క వంటింట్లోకి వచ్చింది. గట్టు మీద అరచెయ్యి ఆనించి, ఒక కొస నుంచి నెమ్మదిగా నడిచింది. పీట దగ్గర చెయ్యి ఆగింది.

“ఈడెందుకు పెట్టిచ్చినవే? ఒద్దన్న గదా.”

“మేస్త్రీ అక్కడే గట్టిగా ఉంటుందన్నాడు.”

నమ్మిందో లేదో తెలియదు. ఇంకొంచెం నడిచి, స్టవ్ దాటి, తలుపు పక్కన ఖాళీ బండ దగ్గర నిలబడింది. చాలాసేపు దాని వంకే చూసింది. గాజులు పైకి లాక్కుంది.

“జొన్నపిండి ఉన్నదా?”

లేదు. అక్క వెళ్లాక ఆ పిండి తేలేదు. తెచ్చి ఏం చేసుకోవాలి, నాకు రొట్టె తట్టడం రాదు. కానీ ఆ క్షణంలో, అంత చోటు అట్టే పెట్టి, డబ్బాలో గుప్పెడు పిండి ఉంచుకోవాలని ఎందుకు తోచలేదో నాకే అర్థం కాలేదు.

“కింద షాపులో తెస్తాను, రెండు నిమిషాల్లో వచ్చేస్తా,” అన్నాను.

అక్క గోడ గడియారం వంక చూసింది. “ఒద్దులేవే. టైముకు పోకపోతే డాక్టరు దొరకడు. ఉప్మా చెయ్యి, ఆయనకు ఇష్టం.”

నేను ఉల్లిపాయలు కోశాను. అక్క స్టవ్ ముందు నిలబడి రవ్వ వేయించింది. తర్వాత తనే, ఆయనకి రాత్రి పూట దారి సరిగా కనిపించదని, తను చెయ్యి పట్టుకుని నడిపిస్తుందని చెప్పింది. ఆ మాట చెబుతున్నప్పుడు గొంతులో బాధ ఉంది, ఇంకేదో కూడా ఉంది. తనను ఒక మనిషి పట్టుకుని నడుస్తున్నాడన్న తృప్తి కావచ్చు. నేను వింటూ కరివేపాకు దూసి ఇచ్చాను.

తినేసి వెళ్లిపోయారు. వాలు దిగి కారు మలుపు తిరిగేదాకా బాల్కనీలో నిలబడ్డాను.

తర్వాతి నెలలో ఆయనకి కంటి ఆపరేషన్ అయింది. మా ఇంట్లోనే ఉంటారేమోననుకుని రెండో గది దులిపించాను, దుప్పట్లు ఉతికించాను. ఆసుపత్రికి దగ్గరని వాళ్లు కూకట్‌పల్లిలో ఆయన చెల్లెలి ఇంట్లో దిగారు. అది సబబే. ఆపరేషన్ రోజున క్యారియర్ కట్టుకుని వెళ్లాను. ఆయన లోపల నిద్రపోతున్నాడు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని, మధ్య కుర్చీలో గిన్నెలు పరుచుకుని ఇద్దరం తిన్నాం. అక్క పొద్దుటి నుంచి ఏమీ తినలేదట. ఆకలి మీద గబగబా కలుపుకుంది.

“పప్పు మంచిగ చేసినవే. ఇదివరకు నీకు ఇట్ల కుదరకపోయేది,” అంది.

“ఇప్పుడు రోజూ నేనే కదా చేసేది.”

అక్క ముద్ద చేతిలో పట్టుకుని నా వంక చూసింది. ఇంతలో నర్సు తలుపు తీసి ఆయన లేచాడని చెప్పింది. అక్క చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ లోపలికి వెళ్లింది. నేను గిన్నెలు సర్ది కాసేపు అక్కడే కూర్చున్నాను. లోపలి నుంచి ఆయన ఏదో అడగడం, అక్క నెమ్మదిగా జవాబు చెప్పడం వినిపిస్తూ ఉంది. నాలుగింటికి నాకు రికార్డింగ్ ఉంది. లేచి, తలుపు సందులోంచి వెళ్తున్నానని చేత్తో సైగ చేసి, కిందికి దిగి జూబ్లీహిల్స్‌కి ఆటో మాట్లాడుకున్నాను.